నా వింటి వీపుకు నరం కప్పిన 143 రోజులు

సెప్టెంబరు 28 సాయంత్రం విల్లు లాగుతుంటే ‘టిక్’మని చిన్న చప్పుడు వచ్చింది. గోటితో బల్ల మీద ఒక్కసారి కొడితే వచ్చేంత చప్పుడు, అంతే. చెక్కతో సొంతంగా విల్లు చేసుకున్నవాళ్లకు ఆ చప్పుడు వింటే గుండె జారుతుంది. నారిని మెల్లగా వెనక్కి వదిలి, విల్లు నుంచి దించి, దీపం కిందికి తీసుకెళ్లి వేలితో తడిమాను. కింది రెక్క (పిడికి కింద ఉండే సగం) నడుమ, కణుపు పక్కన, సన్నటి పేడు ఒకటి లేచి గోటికి తగిలింది.

ఏడు వారాలు కూర్చుని చెక్కిన మల్బరీ విల్లు అది. చేవ చీల్చిన రోజు పసుపుకొమ్ములా ఉండేది, ఇప్పుడు తేనెరంగుకు తిరిగింది. కొన నుంచి కొనకు 50 అంగుళాలు, 22 అంగుళాలు లాగితే 38 పౌండ్ల బిగువు. తప్పెక్కడ జరిగిందో నాకు తెలుసు. బాణం వెళ్లే దిక్కున ఉండే ముఖాన్ని వీపు అంటాం, మన వైపున్నది పొట్ట. విల్లు లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. అందుకే వీపు మీద చెట్టు ఒక ఏడాదిలో పెరిగిన వలయం ఒక్కటే ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండాలి. కణుపు దగ్గర నేను చిత్రిక ఒక్కసారి ఎక్కువ పట్టాను. అక్కడ వలయం తెగింది, అక్కడే పేడు లేచింది.

పారేయమని ఒక మనసు చెప్పింది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి, చాలా కాలంగా చదువుతూ భయపడి వాయిదా వేస్తున్న పని చేయాలని నిశ్చయించుకున్నాను: వీపు మొత్తానికి జంతువు నరపు పోగులు జిగురుతో అతికించి కప్పడం. నరమంటే ఇక్కడ కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు. చెక్క నూటికి ఒక వంతు సాగేసరికే చిరగడం మొదలవుతుంది. నరం దానికి ఎన్నో రెట్లు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. లాగుడు భారమంతా నరం మోస్తే కింద ఉన్న చెక్క బతుకుతుంది. ఎవరైనా ఈ పనికి దిగబోతుంటే నాకు ఏ రోజు ఏం జరిగిందో తెలియాలని తేదీలతో సహా రాస్తున్నాను. నేను చదివినవాటిలో ‘నరం అతికించి ఎండనివ్వాలి’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ‘ఎండనివ్వాలి’ దగ్గరే నాకు రెండు నెలలకు పైగా పట్టింది.

పుస్తకాల్లో స్నాయువు అంటారు కానీ మాంసం కోసేవాళ్ల దగ్గర ఆ మాట పనిచేయదు. ‘వెనక కాలి మడమ మీద ఉండే పెద్ద నరం’ అంటే వెంటనే అర్థమైంది. మేకవి, గొర్రెవి పొట్టిగా ఉంటాయని దున్నపోతువే అడిగాను. అక్టోబరు 4న పద్నాలుగు దొరికాయి, పచ్చివి అన్నీ కలిపి 1,050 గ్రాములు. వాటి కోసం డబ్బు పెద్దగా కాలేదు, పారేసే వస్తువు కాబట్టి. ఈ పని మొత్తంలో నాకు ఖర్చయిందల్లా జిగురుకూ, గ్రాము దాకా చూపించే తూకం యంత్రానికీ. మిగిలిందంతా ఒళ్లు హూనం చేసుకోవడమే.

ఇంటికి తెచ్చిన రోజే కొవ్వు, మాంసం ముక్కలు, పైన ఉండే పొర కత్తితో గీరి తీసేయాలి. నేను నాలుగింటికి సరిగ్గా తీసి, అలసిపోయి మిగతావి పైపైన తీశాను. ఆ పైపైన తీసినవే మూడో రోజుకు కంపుకొట్టాయి. కొవ్వు ఉన్నచోట నరం ఎండదు, కుళ్లుతుంది. మళ్లీ అన్నీ దించి, గీరి, కడిగి, దండెం మీద విడివిడిగా వేలాడదీశాను. ఈగలు రాకుండా పలచటి గుడ్డ కప్పాను. అక్టోబరు 9న దండెం కిందికి జారిన ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది. అప్పటికే ఒక్కొక్క నరమూ నాకు లెక్కే కాబట్టి నిజంగా బాధేసింది. పదమూడు మిగిలాయి.

ఎండటానికి ఇరవై రెండు రోజులు పట్టింది. మొదటి వారంలో తెల్లగా, రబ్బరులా ఉంటుంది. తర్వాత అంచుల నుంచి పసుపురంగు తిరుగుతూ లోపలికి పోతుంది. పూర్తిగా ఎండిన నరం కొమ్ములా గట్టిగా, వెలుతురుకు పట్టి చూస్తే తేనెలా అడుగు కనిపించేలా ఉంటుంది. బల్ల మీద వేస్తే కర్రముక్కలా మోగుతుంది. పదమూడూ కలిపి 355 గ్రాములు తూగాయి. మూడింట రెండు వంతులు నీళ్లే పోయాయన్నమాట.

అక్టోబరు 26న దంచడం మొదలుపెట్టాను. మొదటిదాన్ని ఇనుప సుత్తితో కొట్టాను. పది నిమిషాల్లో చీలిక మొదలైంది కానీ, సుత్తి అంచు తగిలిన ప్రతిచోటా పోగు తెగిపోయింది. ఆరేసి సెంటీమీటర్ల తునకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ నరం జిగురు కోసం పక్కన పెట్టేశాను. రెండోదాని నుంచి కొడతి, అంటే చెక్క సుత్తి పట్టాను. కింద నున్నటి బండ. గట్టిగా ఒక్క దెబ్బ కాదు, మెల్లగా వంద దెబ్బలు, నరాన్ని తిప్పుతూ. కాసేపటికి తేనెరంగు పోయి సున్నంలా తెల్లబడుతుంది. అదే గుర్తు. అప్పుడు ఒక కొస పటకారుతో పట్టుకుని చీలిస్తే రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ చివరికి కుట్టుదారం మందాన పోగులు వస్తాయి. నా చేతిలో వాటి పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు.

ఒక నరానికి గంటన్నర. రోజుకు ఒకటికంటే చేయలేకపోయాను. మూడో రోజుకు రెండు బొటనవేళ్ల చర్మం లేచింది. ఐదో రోజు నుంచి వేళ్లకు గుడ్డ పట్టీ చుట్టుకున్నాను. చీలుస్తున్నప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా చేయకండి. నేను మొదటి రెండు రోజులు కట్టుకోలేదు, రాత్రంతా దగ్గాను. నవంబరు 8కి అన్నీ అయిపోయాయి. మంచి పోగు 152 గ్రాములు. మిగతాదంతా పొర, తునకలు, ధూళి.

ఆ సాయంత్రం పోగుల కుప్పను చూస్తే పట్టులా మెరుస్తోంది. దంచుతున్నప్పుడు పడిన విసుగంతా ఆ మెరుపు చూశాక గుర్తులేదు. మరుసటి రోజు కూర్చుని రెండేసి గ్రాములు తూచి కట్టలు కట్టాను. యాభై ఆరు కట్టలు. ఒక వరుసకు ఇరవై ఎనిమిది, రెండు వరుసలు. పొడవాటి పోగులు పిడి దగ్గరకూ కణుపు దగ్గరకూ, పొట్టివి కొనల వైపు వాడేలా విడదీశాను. ఇంకా 40 గ్రాములు మిగిలాయి. తూచకుండా కంటి అంచనాతో కట్టేద్దామని మొదట అనుకున్నాను. అలా కట్టిన నాలుగు కట్టలు తూస్తే ఒకటి 1.4 గ్రాములు, ఇంకొకటి 2.9. రెండు రెక్కలకు ఎక్కువతక్కువగా పడితే విల్లు ఒక పక్కకు లాగేస్తుంది కాబట్టి తూకం తప్పదు.

జిగురు దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. పారేయబోయే పొరలు, తునకలు ఉడికించి సొంత జిగురు చేసుకోవాలని ఆశ. నవంబరు 10న నీళ్లలో వేసి సన్నటి సెగ మీద పెట్టాను. ఉడుకు పట్టకూడదు, 60, 70 డిగ్రీల మధ్య ఉండాలి. నాలుగు గంటలు బాగానే చూసుకున్నాను. ఐదో గంటలో ఫోన్ వచ్చింది, ఇరవై నిమిషాలు మాట్లాడాను. వచ్చి చూస్తే కుతకుత మరుగుతోంది. వడకట్టి రెండు చెక్క పేడులకు రాసి అతికించి ఒక రోజు ఆరబెట్టి విరిచాను. జిగురు దగ్గరే శుభ్రంగా ఊడి వచ్చింది. మరిగితే జిగురులో పట్టు పోతుంది, ఆ పట్టు మళ్లీ రాదు. పదమూడు నరాల తుక్కూ వృథా అయింది.

ఇక కొన్న తోలుజిగురు పలుకులే దిక్కు. ఒక పాలు జిగురుకు రెండు పాళ్లు చల్లటి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకు పలుకులు ఉబ్బి ముద్దలా అయ్యాయి. జిగురు గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి, థర్మామీటర్ చూస్తూ 60 డిగ్రీల దగ్గర కరిగించాను. మళ్లీ అదే పరీక్ష. ఈసారి జిగురు ఊడలేదు, చెక్కే చిరిగి అవతలి ముక్కకు అతుక్కుని వచ్చింది. ఈ పరీక్షకు ఒక రోజు పోతుంది, పోనివ్వండి. నేను మొదటి జిగురుతోనే పని మొదలుపెట్టి ఉంటే అంతా పోయేది.

నవంబరు 13 నుంచి 15 దాకా చెక్క పని. లేచిన పేడు కిందికి పలచటి జిగురు పంపి, దారం చుట్టి ఒక రోజు ఉంచాను. తర్వాత రంపపు బ్లేడు పళ్లతో వీపంతా నిలువునా గీతలు పడేలా గీరాను. అంత శ్రద్ధగా నున్నన చేసిన వీపును చేతులారా గరుకు చేయడానికి మనసు ఒప్పలేదు, కానీ జిగురుకు పట్టు కావాలి. చాకలిసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాను. అక్కడి నుంచి వీపును చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు చాలు జిగురు పట్టకపోవడానికి. పలచటి జిగురు మూడు పూతలు పూశాను. మొదటి రెండూ చెక్క తాగేసింది, మూడోది మెరుస్తూ నిలిచింది.

ఇంకొకటి, విల్లును ఎదురు వంచి కట్టడం. నా విల్లు వాడకంతో ఒకటిన్నర అంగుళాలు మన వైపుకు వంగిపోయి ఉంది. దాన్ని వీపు వైపుకు రెండు అంగుళాలు వంచి, కొన నుంచి కొనకు తాడు కట్టి నిలిపాను. నరం ఎండుతూ ముడుచుకుంటుంది కాబట్టి ఈ ఎదురు వంపు అలాగే నిలుస్తుంది. ఇది ఒక్కరి పని కాదు. మా బావమరిది వచ్చి పట్టుకున్నాడు.

నవంబరు 16 ఉదయం ఎనిమిదికి మొదటి కట్ట వేశాను. కట్టను ముందు గోరువెచ్చటి నీళ్లలో మెత్తబడేదాకా నానబెట్టి, పిండి, జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య జిగురు కారిపోయేలా లాగి, వింటి మీద పరచాలి. పిడి దగ్గర మొదలుపెట్టి కొనల వైపు పోవాలి. గోడ కట్టేటప్పుడు ఇటుకల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూసినట్టే కట్టల కొసలు ఒకే గీత మీదికి రాకూడదు.

నానడానికి నాకు ఒక్కో కట్టకు ఏడెనిమిది నిమిషాలు పట్టింది. కాలిఫోర్నియా యాహీ తెగలో చివరి మనిషి ఇషీ నరాన్ని నోట్లో నమిలి మెత్తబరిచేవాడని చదివాను. ఒక కట్ట నేనూ నమిలి చూశాను. రుచంటూ ఏమీ లేదు, కాసేపటికి దవడలు లాగేశాయి. కానీ అది నీళ్లలో నానినదానికంటే ఎంతో మెత్తగా, పరిచినచోట మడత లేకుండా కూర్చుంది. ఓపిక ఉంటే అన్నీ అలాగే చేసేవాణ్ణి.

ఆరో కట్ట దగ్గర భయపడ్డాను. జిగురులో ముంచగానే నరం పాములా మెలితిరిగి సగానికి సగం ముడుచుకుపోయింది, ముట్టుకుంటే రబ్బరులా ఉంది. థర్మామీటర్ చూస్తే 68 డిగ్రీలు. నానిన నరానికి అంత వేడి తగిలితే ఉడికిపోతుంది. ఆ కట్ట పారేసి, మిగిలిన పోగులోంచి కొత్తది తూచి, జిగురును 52 డిగ్రీలకు దించాను. జిగురు కరగడానికి ఒక వేడి, నరం ముంచడానికి ఇంకో వేడి. ఈ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఇంతలో మా బావమరిది వింటిని అటు తిప్పబోయి చెయ్యి వీపు మీద పెట్టబోయాడు. “ఒరేయ్, వీపు ముట్టుకోకు!” అని అరిచాను. వాడు ఉలిక్కిపడి, “చెయ్యి కడుక్కునే వచ్చాను బావా,” అన్నాడు పాపం. ఆ తర్వాత రోజంతా నాకు జిగురు గిన్నె అందిస్తూ, వేడినీళ్లు మారుస్తూ, ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి క్షమాపణ చెప్పాను. ఈ పనికి రెండో మనిషి లేకపోతే జరగదు. మీ రెండు చేతులూ జిగురే, కనీసం నీళ్ల గిన్నె కూడా జరపలేరు.

గది 19 డిగ్రీలు ఉంది. పరిచిన రెండు నిమిషాల్లో జిగురు పాలమీగడలా గట్టిపడుతోంది. ఆలోపే వేళ్లతో దువ్వి చదును చేయాలి. పై రెక్కకు మూడున్నర గంటలు పట్టింది. కింది రెక్క మర్నాడు, చెయ్యి అలవాటై రెండు గంటల ముప్పావులో అయిపోయింది. జిగురు బిగిశాక మీద పలచటి గుడ్డ పట్టీ చుట్టి ఒక రోజు ఉంచి తీసేశాను.

ఇక తూకం. నరం వేయకముందు విల్లు 384 గ్రాములు. నవంబరు 17 రాత్రి, కట్టిన తాడు బరువు తీసేసి, 551. అప్పటి నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి తూచి గోడ మీద కాగితంలో రాశాను. 18న 520, 20న 489, 24న 471, 29న 466, 30న 466. పైకి చూస్తే మూడో రోజుకే గట్టిగా, గోటికి లొంగకుండా అయిపోయింది. తూకం లేకపోతే ఎండిందనుకుని నాలుగో రోజే రెండో వరుస వేసేవాణ్ణి. లోపల ఇరవై గ్రాములకు పైగా నీళ్లు చిక్కుకుని ఉండేవి.

డిసెంబరు 1, 2 తేదీల్లో రెండో వరుస. ఈసారి పొరపాట్లు లేవనుకున్నాను. రెండో రోజు రాత్రి 642 గ్రాములు. మళ్లీ కాగితం, మళ్లీ రాత్రి తొమ్మిది. 10వ తేదీకి 563కు వచ్చింది. 11న ముసురు పట్టింది. ఐదు రోజులు వదల్లేదు. 12న 566, 13న 570, 15న 574. తగ్గాల్సింది పెరుగుతోంది! నరమూ జిగురూ రెండూ గాలిలోని తేమను తాగేస్తాయని చదవడం వేరు, రోజూ రెండుమూడు గ్రాములు ఎక్కడం కళ్లారా చూడటం వేరు. 14న ముక్కు దగ్గర పెడితే ముక్కవాసన. బూజు పడుతుందేమోనని అర్ధరాత్రి లేచి చూసుకునేవాణ్ణి. పొయ్యి దగ్గర పెట్టి ఆరబెడదామన్న ఆలోచన వచ్చింది, ఉడికిపోయిన ఆరో కట్ట గుర్తొచ్చి ఆగాను. చల్లగాలి ఫ్యాను కింద, గోడకు తగలకుండా రెండు దారాల మీద వేలాడదీసి పగలూ రాత్రీ వదిలేశాను. వాన వెలిశాక 18కి మళ్లీ 562.

డిసెంబరు 20న గోటితో వింటి పొడవునా కొడుతూ పోతుంటే కింది రెక్కలో ఒకచోట చప్పుడు మారింది. మిగతా అంతటా ‘టక్ టక్’, అక్కడ మాత్రం డొల్ల. రూపాయి బిళ్ల అంత మేర రెండో వరుస మొదటిదాన్ని పట్టలేదు, లోపల గాలి చిక్కుకుంది. ఆ రోజు నిజంగా కూలబడ్డాను. ఇంత చేసి, పేడు లేచిన అదే రెక్కలో. సాయంత్రానికి తేరుకుని, పోగులు తెగకుండా వాటి వాలునే సన్నగా నిలువు గాటు పెట్టి, ముందు గోరువెచ్చటి నీళ్లు, తర్వాత పలచటి వెచ్చటి జిగురు సిరంజితో ఎక్కించాను. మీద మైనం కాగితం వేసి నున్నటి చెక్కముక్క పెట్టి బిగించాను. రెండు రోజులకు తీసి కొడితే ‘టక్’. ఆ ఒక్క చప్పుడుకు కళ్లు చెమర్చాయి. ఈ పరీక్ష మొదటి వరుస అయ్యాకే చేసి ఉండాల్సింది. రెండు వరుసల కింద డొల్ల ఉంటే సిరంజి కూడా అందదు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఆ కాలమే. పని ఉన్నప్పుడు చేతులు నొప్పి పుట్టినా మనసు కుదురుగా ఉండేది. జనవరి అంతా విల్లు కళ్లెదుట వేలాడుతోంది, చూడటానికి పూర్తయినట్టే ఉంది, ముట్టుకోకూడదు. జనవరి 5న ఎదురు తాడు విప్పాను. వదిలాక కొనలు ఎక్కడికి పోతాయో అని ఊపిరి బిగపట్టాను. ఎక్కడికీ పోలేదు. అప్పటికి వంపు రెండు అంగుళాలు. ఆ తర్వాత తాడేమీ లేకుండానే వారానికింత పెరుగుతూ నెలాఖరుకు రెండుంపావు దాటి రెండుముప్పావుకు వచ్చింది. ఎండుతున్న నరం అంత లావు చెక్కను దానంతటదే వెనక్కి లాగింది. స్కేలు పెట్టి కొలిచినప్పుడల్లా ఆశ్చర్యమే.

మా బావమరిది వచ్చినప్పుడల్లా అడిగేవాడు, “ఇవాళ ఎక్కిద్దామా బావా?” అని. కాగితం చూపించేవాణ్ణి. జనవరి 12న 555, 20న 552, 29న 548. నరంతోనూ కొమ్ముతోనూ విల్లు చేసే తుర్కీ పనివాళ్లు ఒక్కో వింటికి ఏడాది, అంతకన్నా ఎక్కువ కాలం కూడా ఇచ్చేవారని తెలిసి ఉండటం ఒక్కటే నాకు ధైర్యం. ఫిబ్రవరి 8కి పదకొండు రాత్రులుగా 548 దగ్గర నిలిచిపోయింది. రెండో వరుస వేసి అప్పటికి 68 రోజులు.

ఫిబ్రవరి 10న నారి ఎక్కించాను. ముందు పొడుగు నారి వేసి నాలుగు అంగుళాలే లాగుతూ యాభై సార్లు, తర్వాత ఆరు అంగుళాలు యాభై సార్లు, అలా. ప్రతి లాగుడుకూ చెవి వింటి మీదే. మొదట్లో సన్నటి చిటపటలు వినిపించి ప్రాణం పోయినంత పనైంది. పైన పేరుకున్న జిగురు పొర చిట్లడం అది, పోగులకు ఏమీ కాలేదు. ఆకురాయితో ఆ ఎక్కువ జిగురు తీసేశాక చప్పుడు లేదు.

ఎదురు వంపుతో అసలు నారి ఎక్కించడం మాత్రం కుస్తీ. ఎక్కించాక చూస్తే పై కొనలో నారి ఒక పక్కకు వాలింది. ఎడమ అంచున నరం కాస్త ఎక్కువ పడి రెక్కను లాగింది. వేడి పెట్టి తిప్పే వీలు ఇక లేదు. నారి తగిలించే వింటికొప్పులో గాడిని ఒక పక్క కొద్దిగా లోతు చేసి నారిని మధ్యకు తెచ్చాను.

22 అంగుళాల దగ్గర బిగువు కొలిస్తే 50 పౌండ్లు. పన్నెండు పౌండ్లు పెరిగింది. నాకు అంత అక్కర్లేదు, పైగా పొట్ట అంతగా నలిగితే అక్కడ ముడతలు పడతాయి. ఫిబ్రవరి 16 దాకా వారం రోజులు పొట్ట వైపు మాత్రమే ఉక్కు రేకుతో గీరుతూ, ప్రతి పది గీరుళ్లకు ముప్పై సార్లు లాగి చూస్తూ, 24 అంగుళాలకు 45 పౌండ్ల దగ్గర ఆపాను. వీపు వైపు ఒక్క గీరు కూడా పడనివ్వలేదు.

ఫిబ్రవరి 18 పొద్దున మొదటి బాణం. పేడు లేచిన చోటు ఎడమచేతి కింద ఎక్కడుందో నాకు చూడకుండానే తెలుసు. 22 దాటింది, 23, 24. విల్లు నిశ్శబ్దంగా ఉంది. వదిలాను. బాణం గురిగా పెట్టిన అట్టకు తగిలిన చప్పుడు వినేదాకా నేను ఊపిరి తీసుకోలేదనుకుంటా. ఆ రోజు ముప్పై బాణాలు వేశాను.

బాణం వేగం అమాంతం పెరుగుతుందని ఆశపడి ఈ పని చేయకండి. విల్లు 384 నుంచి గీరుళ్లన్నీ పోగా 531 గ్రాములకు చేరింది, ఆ బరువును కొనల దాకా మోసుకుపోవాలి. బాణం కొంచెం చురుగ్గా పోతోంది, అంతే. మళ్లీ చేస్తే కొనల దగ్గర ఆరు అంగుళాలు ఒక్క వరుసతోనే సరిపెడతాను. నాకు దక్కింది వేరే. ఇంతకుముందు 22 దాటాలంటే భయం, ఇప్పుడు 24 లాగుతున్నాను. నారి దించాక చెక్క విల్లు వంగిన చోటే ఉండిపోతుంది, ఇది ఉండిపోవడం లేదు.

ఫిబ్రవరి 22 నుంచి మూడు రోజులు వీపు మీద పలచటి లక్క పూత రోజుకు రెండు చొప్పున వేశాను. తేమ నుంచి కాపాడుకోకపోతే జిగురూ నరమూ రెండూ మెత్తబడతాయి. ముసురు పట్టిన ఐదు రోజులు మర్చిపోలేదు కాబట్టి తూచే కాగితం ఇంకా గోడ మీదే ఉంది, వారానికి ఒకసారి రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నలభై బాణాలు వేసి నారి దించగానే కొలిచాను. ఎదురు వంపు ఒకటిన్నర అంగుళాలు ఉంది. రాత్రంతా దారాల మీద వేలాడదీశాను. ఇవాళ పొద్దున కొలిస్తే రెండుంపావు.